అక్క విన్నది

టావి కొత్త ఆల్బం ‘నీది’ మీద ఒక శ్రోతగా అభిప్రాయం రాయమని హైదరాబాదు నుంచి ఒక పత్రికవాళ్లు నన్ను అడిగారు. నాలుగు వాక్యాలు చాలన్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన సింహాచలం చుట్టాలందరికీ చెబుతుంటాడు. అలాంటిదాన్ని ఈ ఒక్క విషయంలో నెలల తరబడి నాన్చాను. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

నా పేరు పైడితల్లి. ప్రపంచమంతా టావి అని పిలిచేవాడు మా తవిటయ్య, నా ఒక్కగానొక్క తమ్ముడు. ట్రాన్స్ సంగీతం చేస్తాడు. ట్రాన్స్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అడుగున ఒకే దరువు, ఒకే వేగం. దాని మీద చిన్న రాగం ముక్క ఒకటి మళ్లీ మళ్లీ తిరుగుతూ పెరుగుతుంది. ఇక ఊపిరాడదు అనుకునేసరికి దరువు ఠక్కున ఆగిపోతుంది. జనమంతా చేతులు పైకెత్తి నిలబడతారు. అప్పుడు పడుతుంది దెబ్బ. దాన్ని వాళ్లు డ్రాప్ అంటారు. ఆ ఒక్క దెబ్బ కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

మా ఊళ్లో దానికి వేరే పేరుండేది. ‘సన్యాసయ్య ఆపు’ అనేవారు. సన్యాసయ్య మా నాన్న. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్ల దళం నడిపేవాడు. గుండ్రటి రేకు తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో దళమంతా వలయంగా తిరుగుతూ ఆడుతుంది. వేగం పెరిగి పెరిగి అడుగు మారాల్సిన చోటికి వచ్చేసరికి నాన్న రెండు చేతులూ తప్పెట మీదకు తెచ్చి, కొట్టకుండా అలాగే ఉంచేసేవాడు. దళంలో అందరూ ఒక కాలు గాలిలో పెట్టి ఆయన చేతులకేసి చూసేవారు. ఊరంతా చూసేది. చంకలో పిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. ఎప్పుడు కొడతాడో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి మనం ఇక కొట్టడులే అనుకునేదాకా ఆపేవాడు. కొట్టాడంటే ఊరు ఊరంతా ఒక్క మనిషిలా ఎగిరేది.

తమ్ముడు దళంలో తిరిగి నేర్చుకున్నాడు. ఆడపిల్లలు తప్పెట కట్టకూడదన్నారు కాబట్టి నేను కట్టలేదు. ముందు వరసలో కూర్చుని నాన్న చేతులు చూడటమే నా వంతు.

అందుకే తవిటయ్య ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో కంప్యూటరు మీద మొదటి ముక్క కట్టుకుని నా దగ్గరకు పరిగెత్తుకొచ్చినప్పుడు, నాకు ట్రాన్స్ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా అభిప్రాయం చెప్పగలిగాను.

“తొందరపడిపోనావురా,” అన్నాను. “నాన్నయితే ఇంకాస్త ఆపును.”

వాడు మూతి ముడుచుకుని వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి బాగుంది. అప్పటినుంచి నేను వినకుండా వాడు ఏ ఆల్బమూ బయటికి వదల్లేదు. నేను సరే అన్నాక అట్ట మీద, అడుగున, చిన్న తెలుగు అక్షరాల్లో ‘అక్క విన్నది’ అని వేసేవాడు. ఆ అక్షరాలకు అర్థం తెలియకపోయినా బ్రెజిల్లో ఎవడో మోచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఫొటో చూసి మా ఆయన పది రోజులు నవ్వాడు.

నాన్న పోయి రెండేళ్లు దాటింది. దళం చెదిరిపోయింది. ఆయన తప్పెట మా ఇంటి అటక మీదకు చేరింది. తవిటయ్య అప్పటినుంచి పాట కట్టలేదు, ఫోన్లు తగ్గించాడు. పండక్కి రమ్మంటే పని ఉందన్నాడు. పని ఏమిటని అడిగితే చెప్పలేదు. ఆ తర్వాత ఒక రోజు తనే ఫోన్ చేశాడు.

“అక్కా, కొత్తది అయింది. వినాల.”

ఆ మాట కోసం ఏడాదిన్నరగా కాచుకున్నాను. నేను పనిచేసే ఆసుపత్రిలో సెలవు పెట్టేసి వెళ్లాను.

*

రుషికొండ మీద సముద్రం కనబడేలా కట్టిన ప్రయోగశాల అది. పాటలకు ప్రయోగశాల ఎందుకురా అన్నాను. తవిటయ్య సగం చిక్కిపోయి ఉన్నాడు. పక్కన ఉజ్వల అనే ఇంజనీరు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే అమ్మాయి. బల్ల మీద బటాణీ గింజంత వస్తువులు రెండు పెట్టింది. చెవికొకటి. పేరు ‘తోడు’ అట.

“మీరు పసిపిల్లలకు వినికిడి పరీక్షలు చేస్తారట కదండీ,” అంది ఉజ్వల. “అయితే మీకు వెంటనే అర్థమైపోతుంది.”

నిజమే, నా ఉద్యోగం అదే. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్నగా టిక్కుమనిపించి, నుదుటికి అంటించిన తీగల్లో మెదడు ఇచ్చే జవాబు చూస్తాం. బిడ్డకు మాటలు రాకపోయినా మెదడు చెప్పేస్తుంది.

“మీరు శబ్దం విన్నాక వచ్చే జవాబు చూస్తారు. ఇది వినకముందు వచ్చేదాన్ని చూస్తుందండీ.”

“పాట వింటన్నప్పుడు తరవాత దెబ్బ ఎక్కడ పడాలో తల ముందే అనుకుంటాది గదక్కా,” అన్నాడు తవిటయ్య. ఇంగ్లీషులో ఇంటర్వ్యూలిచ్చే నోరే, నా దగ్గరకొచ్చేసరికి మా ఊరి మాటే. “ఆ అనుకున్నది ఇది వింటాది. నాను చేసి పెట్టిన శబ్దాలు దీన్లో కొన్ని వేలు ఉన్నాయి. ఎవులికి ఏది ఎప్పుడు కావాలో చూసి అలగ అల్లేస్తాది.”

వాడి చెవుల్లో అప్పటికే అలాంటి జత ఒకటి ఉంది. నేను చెయ్యి చాచి అది తీసుకోబోయాను. ఉజ్వల కంగారుగా అడ్డం వచ్చింది.

“ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదండీ. కొత్త తలను నేర్చుకోవడానికి దానికి అర నిమిషం పడుతుంది. అప్పటిదాకా పాతవాళ్ల పాటే వినిపిస్తుంది. మీకు గజిబిజిగా ఉంటుంది. ఇవి మీకోసం తీసిన కొత్తవి.”

పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను.

మొదట వాన. మా పాత ఇంటి రేకుల మీద పడినట్టే. వాన మెల్లగా దరువైంది. దరువు కిందనుంచి ఒక రాగం లేచింది. అది కాస్త విసుగనిపించబోయేలోపు తనే పక్కకు తిరిగింది. నాకు గిట్టని కీచుమనే పైస్థాయి శబ్దం ఒక్కటి కూడా రాలేదు. రాగం పెరిగింది, పెరిగింది, ఇప్పుడు దెబ్బ పడితే బాగుండు అనుకున్నాను. పడింది. ఒళ్లంతా ఝల్లుమంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడక్కుండానే పెడుతోంది. అబద్ధమెందుకు, కళ్లవెంట నీళ్లు కారాయి. నా బతుకులో నా మనసు ఇంతగా ఎరిగిన పాట వినలేదు.

తీసేసి, ముక్కు చీదుకుని, తమ్ముడికేసి తిరిగాను. అభిప్రాయం కడుపులో పొంగుతోంది.

“ఒరే, ఆ వాన దగ్గర ఎంత బాగా చేసావురా!”

“వానేటక్కా?”

“అదేరా, మొదట్లో. నువ్వు పెట్టిన వాన.”

“నాను వాన పెట్టలేదే,” అన్నాడు వాడు.

ఉజ్వల చిరునవ్వు నవ్వింది. “అది మీ వానండీ. ఆయన ఒక చిటపట శబ్దం పెట్టారంతే. నాకైతే అది మా అమ్మ పోపు వేస్తున్నట్టు వినిపించింది.”

మూడో పాటలో రాగం తిరిగిన చోటు గురించి చెబుదామంటే, అలాంటి తిరుగుడు వాడి పాటలో లేదు. బాగులేని చోటు చెబుదామంటే నా పాటలో అలాంటిది లేనేలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి నా తమ్ముడి ఎదురుగా కూర్చుని మాట దొరక్క గోళ్లు గిల్లుకున్నాను.

“నీకేటి వినపడతాది మరి?” అన్నాను చివరికి.

చెవిలో వాడి తోడు వాడికుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ తీయలేదు. నా మాట వాడికి చేరడానికి ప్రతిసారీ కాస్త ఆలస్యమవుతోంది. ఈలోగా వాడి వేళ్లు మోకాలి మీద ఏదో దరువు వేస్తూనే ఉన్నాయి. బొటనవేలు, తర్వాత నడిమి రెండు వేళ్లు, మళ్లీ బొటనవేలు. ఎక్కడో చూసిన కదలికే అనిపించింది గానీ ఆ కంగారులో నాకు తట్టలేదు.

“ఎలగుందో చెప్పలేదు,” అన్నాడు.

“బాగుంది. చానా బాగుంది. గానీ దీన్లో నువ్వు లేవురా.”

“నాను లేకపోతే ఏటి? నువ్వున్నావు గదా. ఎవులి పాటలో ఆలే ఉంటారు. అదే గదా గొప్ప.”

“అయితే అక్క విన్నదని వెయ్యకు. నాను విన్నది నీ ఆల్బం కాదు. నాది.”

కోపంతోనే అన్నాను. వాడు వాదిస్తాడనుకున్నాను. పాతరోజుల్లో ఒక్క దెబ్బ కోసం తెల్లారిందాకా వాదించేవాడు. ఇప్పుడు తలూపి, సముద్రం వైపు తిరిగి, మోకాలి మీద దరువు వేసుకుంటూ ఉండిపోయాడు.

*

‘నీది’ విడుదలైంది. దేశదేశాల్లో జనం చెవుల్లో తోడు పెట్టుకున్నారు. ఇంత గొప్ప ఆల్బం పుట్టలేదన్నారు. అది మాత్రం నిజం, ఎవరిని అడిగినా తనకోసమే కట్టినట్టుందన్నారు. అట్ట మీద అడుగున ఖాళీ ఉంది. నేను వద్దన్న మాట వాడు పాటించాడు. ఆ ఖాళీ చూసి నాకు ఏడుపొచ్చింది. ఈసారి అక్క ఎందుకు వినలేదని అభిమానులు అడగడం మొదలెట్టారు. పత్రికవాళ్లు నా వెంటబడింది అందుకే.

మా ఆయన కూడా ఒక జత కొన్నాడు. పాటంటే చెవి కోసుకునే మనిషి. వారమంతా ఓడరేవులో క్రేను నడిపేవాడు ఆదివారం పూట ఫిషింగ్ హార్బరుకు వెళ్లి వంజరం చేప తేవడం, ఆయన ముక్కలు కోస్తుంటే నేను మసాలా నూరడం, స్పీకర్లో తవిటయ్య పాత ఆల్బం పెట్టుకుని కీచులాడుకోవడం మా ఇంట్లో అలవాటు. ఈ ఆపు ఎక్కువైందని ఆయన, చాల్లేదని నేను. దెబ్బ పడే చోట ఆయన కత్తీ నా పొత్రమూ ఒకేసారి ఆగి ఒకేసారి పడేవి.

ఆ ఆదివారం స్పీకరు మూగగా ఉంది. ఆయన చెవిలో తోడు. కత్తి టకటకమని ఏదో దరువుకు ఆడుతోంది. నేను నూరడం ఆపి విన్నాను. ఎంత ప్రయత్నించినా నా చెయ్యి ఆయన కత్తితో కలవలేదు.

“ఏటి వింటన్నావు?” అన్నాను.

రెండుసార్లు అడిగాక ఇటు చూశాడు.

“చెప్పలేనే. బాగుంది.”

“కూనిరాగం తియ్యి, వింటాను.”

తీయబోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. “రాదే. ఒకసారి విన్నట్టు ఇంకోసారి ఉండదు. పట్టుకుందామంటే అందదు,” అన్నాడు సిగ్గుపడుతూ. “నీకిచ్చిన జత నువ్వూ పెట్టుకోరాదా?”

పెట్టుకున్నాను. ఆయన పాట ఆయనకు, నా వాన నాకు. చేపల పులుసు బాగానే కుదిరింది. ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నాం. గిన్నెలు కడుగుతున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ పూటంతా మేం ఒక్కసారి కూడా కీచులాడుకోలేదు. నా తోడు తీసి డబ్బాలో పడేశాను.

*

భీమిలి సముద్రపు ఒడ్డున టావి కచేరీ పెట్టారు. రమ్మని టిక్కెట్టు పంపింది ఉజ్వల. తమ్ముడు పంపలేదు. పొద్దు వాలుతుండగా వెళ్లాను. తోడు పెట్టుకోలేదు.

స్పీకర్లు లేవు. అంత పెద్ద వేదిక మీద ఒక్క స్పీకరు లేదు. వేలమంది చెవుల్లో తోడుతో ఇసుకలో ఆడుతున్నారు. నాకు వినిపించింది సముద్రం, ఇసుకలో కాళ్లు ఈడుస్తున్న చప్పుడు, అంతే. అన్ని కాళ్లు ఉండి కూడా ఏ రెండూ కలవడం లేదు. చేతులు అక్కడొకటి ఇక్కడొకటి పైకి లేస్తున్నాయి, మూకుడులో పేలాలు వేగినట్టు. ఒకడికి దెబ్బ పడుతోంది, పక్కవాడికి ఇంకా పడలేదు, ఆ వెనకామెకు ఎప్పుడో పడిపోయింది. ఎవరికి వారే యమునా తీరే అంటారు చూడండి, అది కళ్లతో చూశాను.

నా పక్కన ఒక కాలేజీ పిల్ల కళ్లు మూసుకుని ఆనందంతో ఏడుస్తోంది. భుజం తట్టి, “ఏం వినపడుతోందమ్మా?” అన్నాను. నన్ను చూసి మంచిగా నవ్వింది. చెప్పడానికి ప్రయత్నించింది కూడా. మాట దొరకలేదు. నవ్వు అలాగే ఉంచి మళ్లీ కళ్లు మూసుకుంది.

వేదిక మీద మా తవిటయ్య. లైట్ల మధ్య ఒక్కడే. వాడి చెవిలోనూ తోడు ఉంది, కళ్లు మూసి ఉన్నాయి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక దగ్గర వాడి రెండు చేతులూ పైకి లేచి, బల్ల మీదకు వచ్చి, కొట్టకుండా ఆగాయి. అచ్చు నాన్న చేతులు. నా కుడికాలు ఇసుకలోంచి దానంతటదే లేచింది. చుట్టూ చూశాను. అన్ని వేలమందిలో ఒక్కరు కూడా వాడి చేతులకేసి చూడటం లేదు. నేనొక్కదాన్నే చూస్తున్నానని వాడికి తెలియదు. రెప్పపాటులో చేతులు దించేశాడు. ఆ ఆపు అంత చిన్నగా ముగియడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న బతికుండగా వాడి కచేరీకి ఒకే ఒక్కసారి వచ్చాడు. అయ్యాక ఒక్క ప్రశ్నే వేశాడు. “నీ గుంపు నీ చేతికేసి చూసిందా, లేదా?” చూసిందని వాడు గర్వంగా చెప్పాడు. అది తలచుకుంటే ఆ జనం మధ్య నాకు దిక్కు తోచనంత ఒంటరిగా అనిపించింది. ఇంటికొచ్చేశాను. దారిలో బస్సులో కూర్చున్నాక వాడి మోకాలి మీద ఆడిన వేళ్లు గుర్తొచ్చాయి. బొటనవేలు, నడిమి రెండు వేళ్లు, మళ్లీ బొటనవేలు. అది నాన్న దరువు.

*

మర్నాడు పొద్దున్నే అటక ఎక్కి తప్పెట దించాను. మా ఆయన పాత లుంగీలో చుట్టుకుని తవిటయ్య ఇంటికి వెళ్లాను. తలుపు వేసి లేదు. గదిలో నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నిన్న కచేరీలో వేసుకున్న చొక్కాతోనే ఉన్నాడు. పక్కన ఎవరో తెచ్చి పెట్టిన ఇడ్లీలు ఎండిపోయి ఉన్నాయి.

“చెవిలోది తియ్యి. మాటాడాల.”

“వినపడతంది. చెప్పక్కా.”

“నాన్న ఉన్నాడేట్రా అందులో?”

మోకాలి మీద వేళ్లు ఆగాయి.

“ఉన్నాడు,” అన్నాడు. “నాను పెట్టలేదక్కా. నాన్న దరువు ఆల్బంలో ఎక్కడా పెట్టలేదు. మొదటిసారి నా చెవిలో పెట్టుకున్న రోజే అది ఎతికి తెచ్చీసింది. అప్పటినుంచి ఆపబుద్ధి కాటం లేదు.”

“నాకూ వినిపించు.”

“అవ్వదు. నీ చెవిలో పడితే నీదైపోతాది.”

“అర నిమిషం పడతాదంట గదా,” అని, వాడు తేరుకునేలోపు వాడి చెవుల్లోంచి రెండూ లాగి నా చెవుల్లో పెట్టుకున్నాను. వాడు చిన్నపిల్లాడిలా “అక్కా!” అని అరిచాడు.

అక్క విన్నదా అని అడిగారు కదా. విన్నది. అర నిమిషం.

ముందు గజ్జెలు. తర్వాత తప్పెట. దరువు వేసేటప్పుడు నాన్న ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చేవాడు, ఆ ఊపిరి కూడా ఉంది. ఉన్నచోటే నేల మీద కూర్చున్నాను. ఆ పరికరానికి మా నాన్న ఎవరో తెలియదు. వీడి తలలో ఉన్నవాడిని ఆనవాలు పట్టి శబ్దాలతో కట్టి నిలబెట్టింది. వేగం పెరిగింది. గజ్జెలు దగ్గరయ్యాయి. అడుగు మారే చోటు వస్తోంది. కూర్చున్నదాన్నే, కుడి మడమ లేచింది. ఇప్పుడు ఆపు రావాలి.

రాలేదు. దెబ్బ పడిపోయింది.

మరో వలయం తిరిగింది. మళ్లీ అదే. కావాలి అనుకున్న క్షణానికే పడిపోతోంది. ఆ తర్వాత దరువు వెనక ఎక్కడో సన్నగా వాన మొదలైంది. దానికి నా తల తెలుస్తోంది. గబుక్కున రెండూ పీకి బల్ల మీద పెట్టేశాను. ఇంకాస్త ఉంచుకుంటే నాక్కావలసిన నాన్నను నాకు తెచ్చి ఇచ్చేది. అప్పుడు తీయగలిగేదాన్నో లేదో నాకు తెలియదు.

“ఎలగుంది?” అన్నాడు తవిటయ్య.

ఇన్నేళ్లూ ప్రతి ఆల్బం తర్వాత అడిగిన మాట.

“దరువు నాన్నదే,” అన్నాను. “చెయ్యి నాన్నది కాదురా.”

“అదేటి?”

“నువ్వనుకున్నప్పుడు నాన్న ఒక్కసారైనా కొట్టాడేట్రా? బతికుండగా ఒక్కసారైనా? కావాలనుకున్నాక కూడా రాకపోతేనే గదా అది ఆపు. నువ్వు అనుకోటం తడవు ఇది కొట్టీస్తంది. నీ చెప్పుచేతల్లో ఉన్న నాన్న ఇతను. మన నాన్న ఎవులి మాటా వినలేదు.”

వాడికి నా మాట తగిలింది. మొహం ఎర్రబడింది. నెలల తర్వాత వాడికి కోపం రావడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

“నాకు తెల్దనుకున్నావేటి?” అన్నాడు. “మొదటి రోజే తెలిసింది. ఆపు లేదని నాకు తెల్దా? గానీ ఎదురుచూడ్డం నా వల్ల కాదక్కా. ఆ చేతులు పైకెత్తి ఆయన ఆగిపోయి రెండేళ్లైంది. దెబ్బ పడదు. ఎంతకీ పడదు. నాను ఒంటికాలి మీద నిలబడే ఉన్నాను. దీన్లోనైతే పడతాది.”

పక్కన కూర్చుని వాడి తల నా ఒళ్లోకి లాక్కున్నాను. ఇద్దరం ఏడ్చాం. నాన్న పోయినప్పుడు ఎవరి మూల వాళ్లం ఏడ్చాం గానీ కలిసి ఏడవలేదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

కాసేపటికి వాడి చెయ్యి బల్ల వైపు పాకడం చూశాను. వద్దని అరవలేదు. అరిస్తే వినే వయసు కాదు. లేచి లుంగీ విప్పాను.

“ఏటి సేస్తన్నావు?” అన్నాడు.

తాడు మెడలో వేసుకుని తప్పెట గుండెకు కట్టుకున్నాను. నాన్న కొలతకు ముడేసిన తాడు, నాకు పొడుగై తప్పెట పొట్ట మీదకు జారింది. రేకు చల్లగా తగిలింది. బతుకులో మొదటిసారి కట్టాను. నా వేళ్లకు దరువు రాదు, కళ్లకే వచ్చు. చూసింది గుర్తు తెచ్చుకుంటూ కొట్టాను. బొటనవేలు, నడిమి రెండు వేళ్లు, మళ్లీ బొటనవేలు. డొక్కు డబ్బా మోగినట్టు మోగింది.

“తప్పు,” అన్నాడు వాడు. “రెండోది లేటు.”

“నోరుమూసుకుని విను.”

మళ్లీ కొట్టాను. గాడి తప్పాను, ఎక్కాను. వేళ్లు మండుతున్నాయి. వేగం పెంచాను. వాడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. నా తప్పులు భరించలేక లేచాడనుకున్నాను. పాదం నేల మీద మెల్లగా తట్టడం మొదలెట్టాక గానీ నాకు అర్థం కాలేదు. ఒక చెయ్యి ఇంకా బల్ల మీదే, తోడు పక్కనే ఉంది. అడుగు మారే చోటు వచ్చింది. నా రెండు చేతులూ తప్పెట మీదకు తెచ్చి, కొట్టకుండా ఆపాను.

తమ్ముడి కుడికాలు గాలిలోకి లేచింది. వాడి చెయ్యి బల్ల వదిలింది. చూపు నేల మీద నుంచి లేచి, తప్పెట మీదకు, అక్కడినుంచి నా చేతుల మీదకు వచ్చి నిలిచింది. వాడికి దెబ్బ కావాలి. మొహమంతా అదే. ఎప్పుడు పడుతుందో వాడికి తెలియదు. నాకూ తెలియదు. రెండేళ్ల తర్వాత వాడు ఒక మనిషికేసి చూస్తున్నాడు.

కొట్టగానే మళ్లీ చూపు తిప్పేస్తాడేమోనని భయం వేసింది. అందుకని ఇంకాస్త ఆపాను.